గేటు దాటనిది చెత్త కాదు

మనిషి చెత్త పారేయడం నేర్చిన నాటి నుంచీ దాన్ని ఎక్కడ పారేయాలా అని తల బద్దలుకొట్టుకుంటూనే ఉన్నాడు. ఆ చిక్కుముడి విప్పిన ఘనత చిట్టచివరికి ఒక ప్లాస్టిక్ చెత్తబుట్టల కంపెనీకి దక్కింది. ఆ కంపెనీలో ఇప్పుడు చెత్త లేదు. (చెత్తబుట్టలూ లేవు. అమ్మకానికి ఉన్నవి వేరు.)

ఎండీ గారు ఏదో పర్యావరణ సదస్సుకు వెళ్ళి, పెద్ద హోటల్లో మూడు రోజులు భోంచేసి, భూమి మీద జాలితో తిరిగొచ్చారు. రాగానే అందర్నీ హాల్లోకి పిలిచారు.

"ఇది పూర్తిగా స్వచ్ఛందం. ఎవరి మీదా బలవంతం లేదు. ఇష్టం లేనివాళ్ళు నా గదికొచ్చి ఎందుకిష్టం లేదో చెబితే చాలు."

ఆ మాట పూర్తికాకముందే హాలంతా స్వచ్ఛందంగా చేతులెత్తేసింది.

ఈ మహత్కార్యానికి అధికారిగా స్టోర్స్‌లో పనిచేసే సర్దుబాటు గారిని నియమించారు. అది ఆయన అసలు పేరు కాదు. కుర్చీ కాలు విరిగినా, ఫ్యాను తిరక్కపోయినా, జీతం ఆలస్యమైనా "పోన్లెండి, సర్దుకుందాం" అనడం వల్ల వచ్చిన బిరుదు. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. మనిషికి పెద్ద ఆశలేం లేవు, ఒక్కటే కోరిక. ఆయనకి ముందు స్టోర్స్ చూసిన పెద్దాయన రిటైరైనప్పుడు కేకు కోసి, పూలగుత్తి ఇచ్చి, కంపెనీ కార్లో ఇంటి దగ్గర దింపారు. డ్రైవరు దిగి తలుపు తీశాడు, వీధంతా చూసింది. అదే వీధిలో ఉండే సర్దుబాటు గారి భార్య కూడా బాల్కనీలోంచి కళ్ళప్పగించి చూసింది.

"మీకూ కారు వస్తుందాండీ?" అని ఆ రోజు నుంచీ అడుగుతూనే ఉంది.

"రాక ఎక్కడికి పోతుందే?" అంటూనే ఉన్నాడాయన.

అందుకే కొత్త బాధ్యతని ప్రాణం పెట్టి మోశాడు. చెత్తని తగ్గించాలంటే ముందు తూచాలి కదా. గేటు దగ్గర కాటా పెట్టించి, రాత్రంతా బుర్ర గోక్కుని ఒక సూత్రం రాశాడు: 'తిరిగి రాకుండా గేటు దాటిపోయేది ఏదైనా చెత్తే. ఎవరైనా తమ ఇంటికి తీసుకెళ్తే మాత్రం అది వారి సొంత వస్తువు.' (సరుకు లారీలకు మినహాయింపు ఇచ్చారు. ఇవ్వకపోతే మొదటి రోజే కంపెనీ మొత్తం చెత్తేనని తేలిపోయేది.)

ఎండీ గారు చదివి భుజం తట్టారు. మర్నాడే ఆఫీసులో చెత్తబుట్టలన్నీ తీసేశారు. బుట్ట ఉంటేనే కదా చెత్త వేయాలని బుద్ధి పుట్టేది! అరటితొక్కలు సొరుగుల్లోకి వెళ్ళాయి. ఫ్యాక్టరీలో విరిగిన మూతల్ని సిబ్బంది తలా ఒక సంచి ఇంటికి మోసుకెళ్ళాలని స్వచ్ఛందంగా తీర్మానమైంది. అధికారి అన్నాక నలుగురికీ ఆదర్శంగా ఉండాలి కాబట్టి సర్దుబాటు గారు రెండు సంచులు మోశాడు.

"ఏంటండీ ఇవి?" అంది భార్య.

"మూతలు."

"బుట్టలేవీ?"

"బుట్టలింకా విరగలేదు."

వీధిలో చెత్తబండి వాడు వాటిని ముట్టుకోనన్నాడు. "అమ్మా, ఇల్లనుకుని వస్తుంటే మీరు ఫ్యాక్టరీ నడుపుతున్నారే!" అని బండి తోసుకుంటూ పోయాడు. మూతలు మంచం కిందకి చేరాయి. మంచం కింద నిండాక స్నానాల గదిలోకి, అదీ నిండాక బాల్కనీలోకి పాకాయి. ఒకరోజు ఆవిడకి ఓపిక నశించింది.

"ఆ కంపెనీ నుంచి పనికిరానిది ఇంకొక్కటి ఈ గుమ్మం తొక్కిందో, నేనూరుకోను. చెప్తున్నా!"

"కొన్నాళ్ళు సర్దుకోవే. కారు రావాలా వద్దా?"

ఆవిడ బాల్కనీలో మూతల్ని ఒక పక్కకి నెట్టి, వీధి కనబడేలా మనిషి నిలబడేంత చోటు చేసుకుంది.

చెత్త లేని కంపెనీలకిచ్చే అవార్డు కోసం తనిఖీ అధికారి వచ్చాడు. టీ తాగి, కాగితం కప్పు ఎక్కడ పడేయాలని అడిగాడు. షోరూంలో రంగురంగుల చెత్తబుట్టలు వరసగా మెరుస్తున్నాయి. ఆయన చెయ్యి అటు చాచేసరికి "అయ్యయ్యో, అవి అమ్మకానికండీ!" అని సేల్స్ మేనేజరు అడ్డం పడ్డాడు. పాపం, ఆ పెద్దమనిషి కప్పు పట్టుకుని కంపెనీ అంతా తిరిగాడు. చివరికి సర్దుబాటు గారు కప్పుని రెండు చేతులా అందుకుని తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అడుగున రెండు గుక్కల టీ ఉంది. చొక్కా మీదకి జారుతున్న ఆ టీని చూసి తనిఖీ అధికారి కళ్ళు చెమర్చాయి. 'శూన్యవ్యర్థ శిఖామణి' బిరుదు అక్కడికక్కడే ఖాయమైంది.

మర్నాడు ఎండీ గారు పిలిచారు.

"శభాష్! చెత్త సున్నా అయింది. ఇక చెత్త అధికారికి పనేముంది? స్టోర్స్‌లో ఎలాగూ కొత్తవాణ్ణి పెట్టాం. పనిలేని మనిషిని కూర్చోబెట్టడం వృథా కదూ? మీరే చెప్పండి."

"సార్, ఇంకా రెండేళ్ళు..."

"ఇది పూర్తిగా స్వచ్ఛందం."

ఇష్టం లేనివాళ్ళు ఎండీ గారి గదికొచ్చి చెప్పుకోవచ్చు. కానీ సర్దుబాటు గారు అప్పటికే ఆ గదిలో ఉన్నాడు. మింగలేక కక్కలేక తలూపాడు.

వీడ్కోలు సభ పర్యావరణహితంగా జరిగింది. పూలగుత్తి రేపటికి వాడిపోతుంది కాబట్టి ఇవ్వలేదు. ప్లేట్లు మిగులుతాయని కేకు కోయలేదు. కారు పొగ వదులుతుందని తియ్యలేదు. అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు. (చప్పట్లకి తూకం లేదు.)

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. ఏళ్ళ తరబడి ఇద్దరూ కలిసి టీ తాగినవాళ్ళే.

"రేపొస్తారా సార్?"

"రాను."

"పోనీ ఎప్పుడైనా?"

"ఇంకెందుకొస్తాను బాబూ?"

వాచ్‌మన్ నేల చూపులు చూశాడు. "అయితే కాటా ఎక్కాలి సార్. మీరు రాసిందే."

ఎక్కాడు. ముల్లు ఊగి ఊగి అరవై ఎనిమిది దగ్గర ఆగింది. వాచ్‌మన్ గాభరాగా లోపలికి ఫోన్ చేశాడు. ఈయన ఇలా దాటితే అవార్డు పోతుంది. ఎండీ గారు మాత్రం తొణకలేదు. "ఎవరైనా ఇంటికి తీసుకెళ్తే సొంత వస్తువే కదా? వాళ్ళావిడని పిలవండి" అన్నారు.

కంపెనీ నుంచి ఫోన్ అనగానే ఆవిడ పెట్టెలోంచి మంచి బట్టలు తీసి కట్టుకుని, ఆటోలో వచ్చింది. దిగి అటూ ఇటూ చూసింది.

"కారేదండీ?"

కాటా మీద టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డ ఆయన "సర్దుకుందామే" అందామనుకున్నాడు. డబ్బాని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అమ్మా," అన్నాడు వాచ్‌మన్ మెల్లగా, "ఇది మీ సొంతమేనని ఒక్క మాట చెబితే పంపించేస్తా."

ఆవిడ ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. టీ మరక పోని చొక్కా జేబు దగ్గర ఆవిడ చూపు కాసేపు ఆగింది.

"మాదే," అంది. "ఇదే ఆఖరా, విరిగినవి లోపల ఇంకా ఉన్నాయా?"

ఆయన దిగాడు. ముల్లు వెనక్కొచ్చి సున్నా దగ్గర నిలబడింది. కంపెనీ రికార్డు చెక్కుచెదరలేదు.