వీధంతా ఒకే చుక్క

ఆ రోజు పొద్దున జగపతిరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగి, ముందుగదిలో ఉన్న భార్య కుట్టుమిషన్‌ను వెనక వసారాలోకి జరిపి, ఆ గదిని ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాప్‌గా మార్చుకోవాలి. హుజూరాబాద్‌లో సొంత ఇల్లు, ఊళ్లో కౌలుకిచ్చిన పొలం, చేతినిండా తీరిక ఉన్న మనిషికి ఇలాంటి ఆలోచనలు రాక ఏం చేస్తాయి? అంతకుముందు హోమియోపతి నేర్చాడు, ఇంట్లోవాళ్లు ఎలాగో తప్పించుకున్నారు. దానికి ముందు కుందేళ్లు పెంచాడు, అవి తప్పించుకోలేకపోయాయి. ఇప్పుడు పట్నం పోయి, ఆబిడ్స్‌లో బిళ్ల వేసి ఆడే వీడియో గేమ్ చూసి వచ్చాడు. అలాంటిది ఇంట్లోనే చేసేయగలనని తిరుగు బస్సు ఎక్కకముందే తేల్చుకున్నాడు.

ప్రమోదిని గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"వసారాల జల్లు కొడ్తది. మంది జాకెట్ గుడ్డలు తడిస్తె నేనేం జవాబు చెప్పాలె? కుట్టు నేర్చుకునేటందుకు పిల్లలు గూడ వస్తున్నరు. గీ రూము నాకు గావాలె."

"కుట్టుపని యాడన్న జేస్కోవచ్చు. ఎలక్ట్రానిక్స్‌కు దుమ్ము పడదు," అన్నాడు జగపతిరావు.

"అయితె ఒక్క మాట. గీ రూముల కూసోని వీధిల ఒక్కలకన్న పనికొచ్చే పని జేసి సూపెట్టుండ్రి. సూపెడితె రూము మీదే. లేకుంటె దసరాకు నా మిషన్ లోపలికి రావాలె."

"దసరా దాకా ఎందుకు?" అని జగపతిరావు నవ్వాడు. ఆ నవ్వుకు ప్రమోదిని ఒళ్లు మండింది. అయినా మిషన్ వసారాలోకి పోయింది.

వర్క్‌షాప్ అంటే ఒక బల్ల, ఒక సోల్డరింగ్ కడ్డీ, మందుల వాసన ఇంకా పోని హోమియోపతి అర. ఒక పత్రికలో వచ్చిన బొమ్మ చూసి, బిస్కెట్ల డబ్బాలో టీవీ గేమ్ ఒకటి బిగించాడు. దాని తీగను ఇంట్లో టీవీకి తగిలించమని పత్రిక చెప్పింది. అంతకుముందు డాబా మీది యాంటెన్నా తీగ తీసేయాలని కూడా చెప్పింది. ఆ రెండో వాక్యం దాకా చదివే ఓపిక మన ఇంజినీరుకు లేదు. రెండు తీగలూ కలిపి ముడేశాడు. దాంతో డబ్బాలో పుట్టింది టీవీలోకీ పోయింది, డాబా ఎక్కి వీధంతటికీ పోయింది.

పుట్టింది కూడా గొప్పదేమీ కాదు. తెర నిండా చారలు, నట్టనడుమ ఒక తెల్లటి చుక్క. అది బంతి. బంతి కదలాలి, కదలలేదు.

"పెట్టె కుదురుకోవాలె," అని తనకు తానే చెప్పుకున్నాడు. "కొన్ని రోజులు బంద్ జెయ్యొద్దు. ప్రమోదినీ, దీన్ని ఎవ్వలు ముట్టద్దు."

ఆదివారం వచ్చింది. పొద్దున్నే వచ్చే పౌరాణిక సీరియల్‌కు వీధిలో సగం మంది ఎదురింటి నాగయ్య ఇంట్లో చేరతారు. నాగయ్యకు బట్టల దుకాణం ఉంది, రంగుల టీవీ ఉంది, ఆ రెండూ ఉన్నాయన్న సంగతి చెప్పడానికి పెద్ద గొంతు ఉంది. టీవీ పెట్టగానే చారల మధ్య దేవుడు ప్రత్యక్షమయ్యాడు. నుదుటి మీద తెల్లటి చుక్క మెరుస్తోంది.

"దేవునికి మూడో కన్ను తెరుసుకున్నది," అని నాగయ్య తల్లి బుచ్చవ్వ లెంపలేసుకుంది. పది మందీ లేచి దండం పెట్టారు. తర్వాత సబ్బు ప్రకటనలో స్నానం చేస్తున్న అమ్మాయికి కూడా మూడో కన్ను తెరుచుకోవడంతో బుచ్చవ్వ నోరు మూసుకుని లోపలికి పోయింది.

నాగయ్య పోయి జగపతిరావును పిలుచుకొచ్చాడు. "రావుసాబ్, జర సూడుండ్రి. అందరిండ్లల్ల గిదే పరేషాన్."

జగపతిరావు చూశాడు. పొద్దస్తమానం తన గదిలో కూర్చుని చూస్తున్న చుక్కే అది. అదే తెలుపు, అదే చోటు. గుర్తుపట్టలేదు. తనకు తెలియదని ఒప్పుకునే అలవాటు కూడా లేదు కనుక గొంతు సవరించుకున్నాడు.

"బెల్లంపల్లి దిక్కు నుంచి బొగ్గు దుమ్ము లేస్తున్నది. గాలి గిటు మళ్లింది. తరంగాలకు గా దుమ్ము అంటుతున్నది. యాంటెన్నాలు జర తిప్పుకుంటె సరిపోతది."

నల్లటి బొగ్గు దుమ్ముకు తెల్లటి చుక్క ఎలా వస్తుందని ఒక్కరూ అడగలేదు. అంత వివరంగా చెప్పిన మనిషిని అడగడం బాగుండదనుకున్నారు కాబోలు.

ఆ రోజు నుంచి వీధిలో మగవాళ్లంతా డాబాల మీదే. "వచ్చిందా?" "రాలే." "ఇప్పుడు?" "ఉన్నది గూడ పోయింది." టీవీ టవర్ ఉన్న కరీంనగర్ వైపు బుద్ధిగా చూస్తున్న యాంటెన్నాలన్నీ తలో దిక్కుకు తిరిగాయి. ఎత్తు పెంచాలని జగపతిరావు సెలవిచ్చాడు. నాగయ్య వెదురు బొంగు కట్టాడు. అది గాలికి విరిగి పక్కింటి అనసూర్య పెంకుల మీద పడింది. "నీ కలర్ టీవీ వచ్చినంకనే మా టీవీలు ఖరాబైనయ్," అని అనసూర్య గోడ అవతల నుంచి తిట్టింది. రెండిళ్లకూ మాటలు బందయ్యాయి. ఇదంతా తన సలహా ఫలమని జగపతిరావుకు తట్టనేలేదు. ఆయన తీరికగా అందరి నిచ్చెనలూ ఎక్కి దిగుతున్నాడు.

గురువారం సాయంత్రం ప్రమోదిని కుట్టిన జాకెట్లు ఇస్త్రీ చేయాలనుకుంది. వసారాలో ప్లగ్గు లేదు. ముందుగదిలోకి వచ్చి, డబ్బా తీగ పీకి ఇస్త్రీపెట్టె తగిలించింది. "వచ్చింది," అని అనసూర్య కేక వినబడింది. నాగయ్య డాబా మీద నుంచి భర్త గొంతు: "సూసిన్రా? జర ఎడమకు తిప్పిన." ఇస్త్రీ అయ్యాక డబ్బా తగిలించింది. "అయ్యో, మల్ల పోయింది." పీకింది, వచ్చింది. పెట్టింది, పోయింది. డాబా మీద ఆయన ఎడమకూ కుడికీ తిప్పుతూనే ఉన్నాడు. ప్రమోదినికి ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. తీగ పీకి అలాగే వదిలేసింది.

జగపతిరావు రొమ్ము విరుచుకుని ఇంటికొచ్చాడు. ఆదివారం సీరియల్‌కు ముందు తనకు షాలువ కప్పుతున్నారట.

"ఓ మాట ఇనుండ్రి. గా చుక్క మన డబ్బాలదే," అంది ప్రమోదిని.

"నీకు కుట్టు టాకాల సంగతి తెలుసు, తరంగాల సంగతి నీకెట్ల తెలుస్తది? వీధంతటికి పనికొచ్చిన. నీ మాట ప్రకారం రూము నాదే. ఇంకో బల్ల గూడ చెప్పిన, వసారాల ఏస్త. మిషన్ మీ అక్కకిచ్చెయ్."

ప్రమోదిని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మిషన్ మీద కుట్టిన ప్రతి జాకెట్టూ తనకు దక్కిన మర్యాద. దాన్ని ఈయన నోటి మాటతో ఎవరికో ఇచ్చేస్తున్నాడు. సన్మానం సంబరంలో ఆయన మాత్రం ఆదివారం దాకా డబ్బా వైపు చూడనేలేదు.

ఆదివారం నాగయ్య ఇల్లు కిటకిటలాడింది. షాలువ, పూలదండ, బుచ్చవ్వ దీవెన అన్నీ అయ్యాయి. "నా వర్క్‌షాప్ ఉన్నన్ని రోజులు మీ టీవీలకు ఫికర్ లేదు," అని జగపతిరావు ఉపన్యసించాడు. సీరియల్ మొదలైంది. సరిగ్గా అప్పుడే ఎదురింట్లో ప్రమోదిని డబ్బా తీగ ప్లగ్గులో పెట్టింది.

చారలు, చుక్క. జనమంతా షాలువ వైపు చూశారు.

జగపతిరావు షాలువతోనే డాబా ఎక్కాడు. "వచ్చిందా?" "రాలే." నాలుగు దిక్కులూ అయిపోయాయి. కింద సీరియల్ నడిచిపోతోంది. "షాలువ జర ఆగి కప్పితె అయిపోవు గదా," అని ఎవరో గొణిగారు. ఆయన చొక్కా చెమటతో తడిసింది.

ప్రమోదిని మెట్లెక్కి పైకి వచ్చి మెల్లగా అడిగింది. "రూము ఖాళీ జేస్తరా? లేకుంటె కిందికి పోయి, చుక్క ఎవ్వలదో చెప్పాల్నా?"

"ఏ చుక్క?" అన్నాడు. ఆమె తమ డాబా వైపు చేయి చూపింది. వీధిలో తిప్పకుండా మిగిలిన యాంటెన్నా అదొక్కటే. అప్పటికి, చాలా ఆలస్యంగా, జగపతిరావు తన బంతిని గుర్తుపట్టాడు.

"దసరాకు ఖాళీ జేస్త."

"ఇయ్యాల్నే. మిషన్ మీరే మోయాలె."

జగపతిరావు తలూపాడు. ఆమె తొందరపడకుండా దిగి, వీధి దాటి, ఇంట్లోకి పోయి తీగ పీకింది. నాగయ్య ఇల్లంతా చప్పట్లతో దద్దరిల్లింది. జగపతిరావు యాంటెన్నా గొట్టం పట్టుకునే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన వంగిపోయి మిషన్‌ను ముందుగదిలోకి మోశాడు. తర్వాత ఆ వీధి టీవీల్లో ఎన్నడూ చుక్క రాలేదు. రావుసాబ్ చెయ్యి అలాంటిదని నాగయ్య ఇప్పటికీ చెబుతుంటాడు.