అసలైన ప్రసన్నకుమార్

ఆ ఉదయం కొండమ్మ వేసుకున్న పథకం చిన్నదే. మిరపకాయల కోతకు వెళ్ళే తన ముఠా ఆడవాళ్ళను ముందు బడికి తీసుకెళ్ళి, అక్క కొడుకు ప్రసన్నకుమార్‌కు ఓటేయించి, ఆ తర్వాత చేలోకి దిగడం. అతను సర్పంచి అయితే పేటకు మంచినీళ్ళ కుళాయి వస్తుందని, బిందెలు మోసి నడుం పడిపోయిన ఆమె కొండంత ఆశ పెట్టుకుంది.

షబ్బీర్ ఆటో ఎక్కబోతుండగా ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. కళ్ళజోడు పెట్టుకున్న ఎన్నికల అధికారి, "మీ ఊళ్ళో పోలింగ్ రేపటికి వాయిదా వేశాం" అని చక్కటి తెలుగులో చెప్పాడు. అలాంటి అధికారి భూమ్మీదే లేడని, కంప్యూటర్ పుట్టించిన మనిషని పాపం కొండమ్మకేం తెలుసు? "అయితే చేలోకే పోనీయ్ షబ్బీరూ," అంది. దారిలో ఎదురైన ఇంకో ముఠాను కూడా బడికి వెళ్ళనీయకుండా తనే మళ్ళించింది.

కోత సగంలో ఉండగా ప్రసన్న ఫోన్ చేశాడు. "పిన్నీ, ఎక్కడున్నారు? పోలింగ్ జరుగుతోంది, తొందరగా రండి!"

కొండమ్మ నవ్వింది. "నువ్వు దొంగ గొంతువి కదూ! ఇప్పుడు మిషన్లే మాట్లాడుతున్నాయి, నా గొంతుతో ఫోనొచ్చినా నమ్మొద్దని మా ప్రసన్న మొన్న చర్చిలో మైకు పట్టుకుని మరీ చెప్పాడు."

"ఆ చెప్పింది నేనే పిన్నీ!"

"నువ్వే అయితే క్రిస్మస్‌కి మా ఇంట్లో ఏం తిన్నావో చెప్పు."

"గారెలు, కోడికూర!"

"పేటంతా తినేది అదేగా. మిషన్‌కి ఆ మాత్రం తెలీదా?" అని పెట్టేసింది.

అతను వీడియో కాల్ చేశాడు. వెనక నీలం గోడల బడి కనిపించింది. "మన బడి పసుపుపచ్చ కదే! రంగు తప్పేశాడు సచ్చినోడు," అని ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. ఎన్నికల కోసం ముందురోజు సాయంత్రమే గోడలకు కొత్త రంగు వేశారని కోతల్లో మునిగిన వాళ్ళెవరికీ తెలియదు.

చివరకు ప్రసన్నే బండి మీద పడుతూ లేస్తూ చేలోకి వచ్చాడు. చెయ్యి పట్టుకుని చూశాక గానీ కొండమ్మ నమ్మలేదు. అందరూ ఆటో ఎక్కి పరుగున వెళ్ళేసరికి, ఒంటిగంటకే పోలింగ్ ముగిసిందని బడి గేటు మూసేశారు. సాయంత్రం లెక్కింపులో అతను ఓడిపోయాడు. చేలో ఉన్న ఓట్లు పడి ఉంటే నెగ్గేవాడే.

కొండమ్మ అతని గుమ్మంలో కూలబడి ఏడ్చింది. "చేతులారా నిన్ను ఓడగొట్టాను నాయనా. ఇకమీదట ఎవరి మాట నమ్మి ఓటుకెళ్ళాలిరా?"

అతను తల వంచుకుని నవ్వాడు. "పర్లేదు పిన్నీ. నాకేం బాధ లేదు."

పొద్దుట్నించీ నిజమేదో అబద్ధమేదో తేల్చుకోలేకపోయిన కొండమ్మ, ఈ ఒక్క అబద్ధాన్ని మాత్రం చిటికెలో పోల్చుకుంది.