మా కంప్యూటర్ నన్ను ఎరగనంది

పోయిన నెల రెండో శనివారం సాయంత్రం నాలుగున్నరకు మా ఇంటి కంప్యూటర్ మా ఆవిడ పేరు మరిచిపోయింది. ఆనాటి నుంచి ఎంత బతిమాలినా తెరుచుకోవడం లేదు. పాఠకులారా, దయచేసి సానుభూతి చూపకండి. తెరుచుకోని కంప్యూటర్ ఇంటికి వరమని నిరూపించడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను!

అమీర్‌పేటలో తిరిగేవారికి ఈ మాట మింగుడుపడదు. అక్కడి మేడల మీద వేలాడే బ్యానర్లన్నీ కంప్యూటర్‌తో ఏదో ఒకటి చేయడమే నేర్పుతామంటాయి. ఒకటి నలభై రోజుల్లో, పక్కది ముప్పై రోజుల్లో. దాని ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్పే సంస్థ ఒక్కటైనా ఉందా?

మా ఆవిడ తబితా అక్కడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేది. ఇంట్లో పనికని వాళ్లు ఆమెకొక కంప్యూటర్ ఇచ్చారు. పోయిన ఏడాది ఆమె చనిపోయాక, ‘ఇక అది మీదే’ అని ఉత్తరం రాశారు. తీరా ఆన్ చేస్తే, పేరు, పాస్‌వర్డ్ కింద మూడో గడిలో ఇన్‌స్టిట్యూట్ పేరే ఉంది. ఇరవై రెండేళ్లుగా బడిపంతులుగా పిల్లల పుస్తకాల అట్టల మీద పాత పేర్లు కొట్టించి కొత్త పేర్లు రాయించినవాణ్ణి. ఇంకొకరి పేరున్న వస్తువును ఇంట్లో ఎలా ఉంచుకోను?

పంజాగుట్టలో ఒకప్పుడు రేడియోలు, ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేసే రాజనర్సయ్యను పిలిచాను.

తబితా పాస్‌వర్డ్ నాకు తెలుసు. కొట్టగానే తెర మీద ‘సాక్ష్యం’ అనే ఫైలు కనిపించింది. మా చర్చి సంఘంలో, పోయినవారికి ఏడాది నిండాక జరిగే సంస్మరణ కూడికలో వారి జీవిత సాక్ష్యం చదవడం ఆనవాయితీ. తన సాక్ష్యం తానే రాసుకుంటానని, ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె కూర్చుని టైపు చేసింది. ఆ ఫైలు నేను తెరవలేదు. ముందు పేరు సరిచేయాలి కదా!

“గీ కంపెనీ నెట్‌వర్క్‌లకెళ్లి తీసేస్తే ఇగ మస్తు ఫ్రీ అయితది సార్,” అన్నాడు రాజనర్సయ్య. ఇంతలో తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది.

“ఏమంటోందయ్యా అది?”

“గదెప్పుడూ ఏదో ఒకటి అంటనే ఉంటది. ఫికర్ చెయ్యకుండ్రి.” ఓకే నొక్కేశాడు.

అదేమందో తర్వాత తెలిసింది. నెట్‌వర్క్ వదిలాక మళ్లీ లోపలికి రావాలంటే ఆ యంత్రపు సొంత అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలట. ప్రశ్న పూర్తిగా చదవందే జవాబు రాయొద్దని రోజూ క్లాసులో చెప్పే పెద్దమనిషి ఆ పక్కనే నిలబడి ఉన్నాడు!

మళ్లీ ఆన్ చేశాం. మూడో గడి పోయింది. దాంతోపాటు తబితా కూడా. అదే పేరు, అదే పాస్‌వర్డ్. ఎన్నిసార్లు కొట్టినా, అలాంటివారెవరూ ఇక్కడ లేరంటుంది.

ఇందులో వరమేమిటంటారా? ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని గుమ్మంలో ఆపి, ఎవరు నువ్వు, ఏ క్లాసు అని నిలదీసేవాణ్ణి. ఇప్పుడు రోజూ నన్నొకరు నిలదీస్తున్నారు. ఎంత వినయం పెరిగిందో చెప్పలేను. ఉపాధ్యాయులందరికీ తలా ఒక యంత్రం మంజూరు చేయాలి! పైగా ఎంత భద్రత! విమానాశ్రయంలో సైతం టికెట్టూ, గుర్తింపు కార్డూ చూపిస్తే నమ్మి లోపలికి పంపేస్తారు. మా యంత్రం అంత తేలిగ్గా మోసపోదు.

ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్లు చూసే అచ్యుతరావు గారి దగ్గరికి వెళ్లాను.

“ఆ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ పెట్టినాయన ఉద్యోగం మానేసి వెళ్లిపోయారండి,” అన్నాడాయన. “మళ్లీ మా నెట్‌వర్క్‌లో చేర్చాలంటే ముందు మిషన్ తెరుచుకోవాలి.”

“తెరుచుకోవాలంటే?”

“నెట్‌వర్క్‌లో ఉండాలండి. ఉన్నా లాభం లేదు మాస్టారూ, మేడమ్ గారి అకౌంట్ పదో రోజునే తీసేశాం. రూలండి అది. ఇన్నాళ్లూ మిషన్ తన పాత జ్ఞాపకం మీదే ఆ పేరుకు తెరుచుకుంది.”

“మళ్లీ ఇవ్వలేరా?”

“ఎందుకివ్వమండీ? ఫారం ఉంది. మేడమ్ వచ్చి ఒక్క సంతకం...” అని నాలిక కరుచుకున్నాడు.

ఆయన్ని తప్పుపట్టను. సంతకం లేదని ఎన్ని ప్రోగ్రెస్ కార్డులు తిప్పి పంపలేదు నేను!

రాజనర్సయ్య మాత్రం పట్టు వదల్లేదు. “డిస్కు ఇప్పి వేరే మిషన్‌ల పెట్టి చూసిన సార్. మేడం ఫైళ్లకు సుత తాళమేసిండ్రు. ఇగ ఫార్మాటే. పది నిమిషాల్ల అంత తుడిచి కొత్తది చేసిస్త.”

“కొత్తది నాకెందుకయ్యా?”

“మరి గిట్లనే ముందర వెట్టుకోని కూసుంటరా?”

కూర్చుంటాను. ఎందుకంటే అసలు మేలు ఇంకా చెప్పనేలేదు. ఆ ఫైలు తెరుచుకుని ఉంటే నేనేం చేసేవాణ్ణి? ఎర్ర పెన్ను తీసేవాణ్ణి. ఆసుపత్రి నుంచి వచ్చిన రెండో వారంలో, “ఒక పేజీ అయిందండీ, చదవనా?” అని అడిగింది. “మొత్తం రాశాక ఇవ్వు, ఒకేసారి దిద్దుతాను,” అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

కాబట్టి కంప్యూటర్ మీద నాకే ఫిర్యాదూ లేదు. చదువుతానంటే విననివాణ్ణి అది లోపలికి రానివ్వలేదు. అంతే కదా?

కూడిక వచ్చే ఆదివారం. “మీరే నాలుగు మాటలు రాసుకు రండి మాస్టారూ,” అన్నారు పాస్టర్ గారు. ఆమె పేరూ, పుట్టిన తేదీ రాశాను. ఆ తర్వాతి వాక్యం ఇంకా రాయలేదు.