నాలుగు వందల పన్నెండు బళ్ళ సందు

ఎనిమిది గంటలకి మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించేసి, పదింటికి ఆఫీసులో కూర్చుని నివేదిక రాసేయాలని ట్రాఫిక్ ఇంజనీరు అనుకున్నాడు. అది పెద్ద పనేమీ కాదు. ఊరి మధ్యలో ఒక సందు. అందులో రెండు పాత ఇళ్ళ మధ్య ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉన్న స్థలం. అక్కడ మూడంతస్తుల్లో ఎనిమిది చిన్న ఇళ్ళు కట్టుకుంటామని దరఖాస్తు వచ్చింది. కడితే ఆ సందులో బళ్ళ రాకపోకలు ఎంత పెరుగుతాయో తేల్చాలి. అందుకు ఇప్పుడు ఎన్ని బళ్ళు తిరుగుతున్నాయో ముందు లెక్కపెట్టాలి. విచారణ ఆ రోజే మధ్యాహ్నం మూడింటికి.

మామూలుగా ఈ లెక్క ఇద్దరు గుమాస్తాలు చేస్తారు. ఒకతనికి జ్వరం. రెండో అతను, మొదటి అతనికి జ్వరమని చెప్పడానికి ఫోన్ చేసి, తనకీ ఒళ్ళు వెచ్చగా ఉన్నట్టుందన్నాడు. సందుకి రెండు కొసలు. ఇంజనీరు ఒక్కడు.

"మా నాన్నని తీసుకెళ్ళండి," అంది భార్య. "ముప్పై ఏళ్ళు రైల్వే టికెట్ల కిటికీలో కూర్చున్న మనిషి. లెక్క తప్పడు. పైగా రిటైరైన దగ్గర్నుంచి పొద్దున్నే వంటింట్లోకొచ్చి డబ్బాలన్నీ సర్దుతున్నాడు. ఉప్పెక్కడుందో నాకు తెలీక నాలుగు రోజులైంది."

మామగారు అప్పటికే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రెండు పెన్సిళ్ళు చెక్కుకుని, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

దారిలో ఇంజనీరు పని వివరించాడు. ఎవరి కొసనుంచి లోపలికి వచ్చే బళ్ళు వాళ్ళు రాయాలి. బండికో గీత, ఐదో గీత అడ్డంగా. "ఒక్కటే జాగ్రత్త, మామయ్యగారూ. ఎవరైనా ఏం చేస్తున్నారని అడిగితే చెప్పకండి. లెక్కపెడుతున్నారని తెలిస్తే జనం మామూలుగా తిరగరు."

"మరి ఏం చెప్పమంటారు?"

"ఏదో ఒకటి చెప్పండి."

"అబద్ధమా?" అన్నాడు మామగారు. ఆయన జీవితంలో అబద్ధం ఆడలేదు. టికెట్లు అయిపోతే అయిపోయాయనే చెప్పాడు, ఆఖరికి సొంత తోడల్లుడికి కూడా.

ఎనిమిదయ్యేసరికి ఇద్దరూ చెరో కొసన మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పద్దెనిమిది అడుగుల సందు అది. అటూ ఇటూ గోడలకి ఆనించి కార్లు నిలబెట్టి ఉన్నాయి. ఎనిమిదీ ఐదుకి మొక్కలకి నీళ్ళు పోస్తున్న ఒక పెద్దావిడ మామగారి దగ్గరికి వచ్చింది.

"ఏం రాసుకుంటున్నారు, అన్నయ్యగారూ?"

"చెప్పకూడదమ్మా. చెప్పొద్దని మా అల్లుడు చెప్పాడు."

"మీ అల్లుడెవరు?"

"ఆ చివర కూర్చున్నాడు. ఆఫీసు పని."

అంతే. ఆవిడ నీళ్ళ గొట్టం అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళింది. చెప్పకూడని ఆఫీసు పనేమిటో సందంతా కలిసి ఆలోచించింది. గోడకి ఆనించి కార్లు పెట్టినందుకు జరిమానా రాస్తున్నారని అయిదు నిమిషాల్లో తేలిపోయింది. ఒక్కొక్క ఇంటి తలుపూ తెరుచుకుంది. లుంగీతో ఒకాయన, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకున్న ఒకామె, పళ్ళు తోముకుంటూ ఇంకొకాయన బయటికి వచ్చి, తమ తమ కార్లని చప్పుడు కాకుండా వెనక వీధిలోకి తరలించేశారు. బయటికి పోయేవాటికి గీతలు లేవు గనక ఎనిమిదింపావుకి ఇంజనీరు కాగితం మీద నాలుగు గీతలు, మామగారి కాగితం మీద ఐదు. ఆఫీసు పాత రిజిస్టరు ప్రకారం ఆ సందులో గంటకి నలభై బళ్ళు తిరగాలి. ఇంజనీరు మనసు కీడు శంకించింది.

ఎనిమిదీ ఇరవైకి సందు సంఘం అధ్యక్షుడు వచ్చాడు. రిటైరైన గిడ్డంగి అధికారి. ఎవరి చేతిలో కాగితమున్నా అది తనకి పంపినదేననుకునే అలవాటున్న మనిషి. ఇంజనీరు వెనక్కి చేరి, తలమీదుగా వంగి, కాగితం పైనున్న మాటలు పైకే చదివాడు. "ఎనిమిది ఇళ్ళ నిర్మాణ ప్రతిపాదన, వాహనాల లెక్క."

"నాలుగేనా? ఈ సందులో నాలుగు బళ్ళే తిరుగుతాయని రాస్తారా? రోడ్డంతా ఖాళీగా ఉంది, కట్టుకోండి అనడానికా?"

"అలా కాదండీ. నిజానికి లెక్క తక్కువుంటేనే మీకు..."

"మీరు మాట్లాడకండి. లెక్కపెట్టండి," అన్నాడు అధ్యక్షుడు. ఫోన్ తీసి సందులోని ఇరవై ఇళ్ళకీ ఒకటే సందేశం పంపాడు: జరిమానా కాదు, బళ్ళన్నీ తీసుకుని రండి, తిరుగుతూనే ఉండండి.

ఆ తర్వాత అరగంటలో ఆ సందు చూసినన్ని చక్రాలు అంతకుముందు ఇరవయ్యేళ్ళలో చూసి ఉండదు. సగంమంది తూర్పు కొసనుంచి, సగంమంది పడమటి కొసనుంచి రావాలని అధ్యక్షుడు కూడలిలో నిలబడి చేతులూపుతూ పంపకం చేశాడు. ఒక్కో చుట్టుకి నిమిషం పైచిలుకు. తడి జుట్టు ఆమె తువ్వాలుతోనే కారు నడిపింది. లుంగీ ఆయన తన భార్య స్కూటీ మీద ఆరు చుట్లు తిరిగాక, అదే అదనని కూతుర్ని కూర్చోబెట్టి డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. పసుపు స్కూటర్ మీద ఒక బీమా ఏజెంటు వచ్చినప్పుడల్లా మామగారు లేచి నమస్కారం పెట్టి గీత గీశాడు. పదో నమస్కారం దాటాక ఏజెంటు కూడా స్కూటర్ కాస్త నెమ్మది చేసి, పాలసీ ఉందా అని ఒక చుట్టులోనూ, లేదంటే తీసుకోకూడదా అని మరో చుట్టులోనూ అడగసాగాడు.

ఇంజనీరు రెండు సార్లు లేచి అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాడు. రెండు సార్లూ మధ్యలో ఒక కారు వచ్చింది. దాన్ని లెక్కపెట్టక తప్పలేదు.

ఎనిమిదిన్నరకి ఒకామె ఆసుపత్రి వైపునుంచి నడుచుకుంటూ వచ్చి ఖాళీ స్థలం ముందు ఆగింది. తెల్ల దుస్తులు, చేతిలో సంచి, రాత్రంతా డ్యూటీ చేసిన కళ్ళు. అక్కడ ఇళ్ళు కట్టుకుంటామని దరఖాస్తు పెట్టినవాళ్ళలో ఆమె ఒకతె. ఒకే వార్డులో పనిచేసే ఎనిమిదిమంది నర్సులు కలిసి, ఆసుపత్రికి పది నిమిషాల నడకలో తలో ఇల్లు కట్టుకుందామని ఏడేళ్ళుగా అనుకుంటున్నారు. ఇప్పుడు రెండు బస్సులు మారి వెళ్తున్నారు.

"ఈ సందులో ఇన్ని బళ్ళు తిరుగుతాయా?" అంది, ఇంజనీరు కుర్చీ పక్కన నిలబడి. "రోజూ డ్యూటీ దిగి బస్సుకి ఇటే నడిచొస్తానండీ నేను. ఎప్పుడూ చూడలేదే."

"ఇవాళ కొంచెం... ఎక్కువగా ఉన్నాయమ్మా," అని నీళ్ళు నమిలాడు ఇంజనీరు.

"అయితే మాకు అనుమతి రాదా?"

లెక్క పూర్తి కాకుండా ఏమీ చెప్పకూడదని నియమం. అతను తల వంచుకుని గీతలు గీశాడు. ఆమె స్థలం ప్రహరీ మీద సంచి పెట్టుకుని కూర్చుని, పోయే ప్రతి బండినీ చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు వీపుకి తగులుతున్నట్టుండి అతనికి గీతలు వంకరపోయాయి.

తొమ్మిదికి ఎనిమిది నిమిషాలుందనగా మామగారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"అల్లుడుగారూ, సందేహం. ఒకాయన కారు స్టార్ట్ కావట్లేదు. ఇద్దరు వెనకనుంచి తోసుకుంటూ లోపలికి వస్తున్నారు. అది లెక్కలోకి వస్తుందా?"

ఇంజనీరు ఒక క్షణం కళ్ళు మూసుకున్నాడు. "చక్రాలు తిరుగుతున్నాయా?"

"తిరుగుతున్నాయి."

"అయితే రాయండి."

ఆ కారు సందు మధ్యకి వచ్చేసరికి తోసేవాళ్ళకి ఆయాసం వచ్చింది. కారు ఆగిపోయింది, కొంచెం అడ్డంగా. దాని వెనక పసుపు స్కూటర్, ముందు డ్రైవింగ్ నేర్చుకుంటున్న అమ్మాయి, ఆ అమ్మాయి వెనక తువ్వాలు ఆమె, ఇటు పన్నెండు, అటు పదకొండు. కదలడానికి చోటు లేదు. అందరూ హారన్లు మొదలుపెట్టారు. ఆఫీసులకి వేళ మించిపోతోందని ఒకరిద్దరికి అప్పుడే గుర్తొచ్చింది. అధ్యక్షుడు కూడలిలోంచి పరుగున వచ్చి, ఆ దృశ్యం చూసి, కోపం తెచ్చుకోబోయి, మళ్ళీ ఆలోచించి, జేబులోంచి ఫోన్ తీసి ఫోటోలు తీసుకున్నాడు.

రెండు కాగితాలూ కలిపితే నాలుగు వందల పన్నెండు.

మూడింటికి విచారణ గదిలో ఒక పొడుగాటి బల్ల, దాని వెనక ఆఫీసరమ్మ. ఇటువైపు కుర్చీల్లో సందు సంఘం మొత్తం, అటువైపు చివర నర్సు ఒక్కతే. గీతల కాగితాలు తనవే గనక తనూ రావాల్సిందేనని మామగారు వచ్చి అల్లుడి పక్కన కూర్చున్నాడు.

ఇంజనీరు లేచాడు. దాచకుండా చెప్పేద్దామని దారిలోనే నిశ్చయించుకున్నాడు. "మేడమ్, ఇవాళ్టి లెక్క గంటకి నాలుగు వందల పన్నెండు. కానీ ఇది మామూలు లెక్క కాదండీ. ఉన్న బళ్ళే మళ్ళీ మళ్ళీ తిరిగాయి. మరోసారి లెక్కపెట్టడానికి గడువు ఇప్పించండి."

అధ్యక్షుడు ఆ మాట పూర్తి కానివ్వలేదు. "తప్పండీ. రోజూ ఇంతే. ఇవాళ కాస్త తక్కువే. ఫోటోలు కూడా ఉన్నాయి."

"పసుపు స్కూటర్ ఒక్కటే ఇరవై నాలుగు సార్లు వచ్చిందమ్మా," అన్నాడు మామగారు. "నేను ఇరవై నాలుగు సార్లూ నమస్కారం పెట్టాను."

"ఆయనకి పనులెక్కువ," అన్నాడు అధ్యక్షుడు, అటు చూడకుండానే. వెనక వరసలో ఏజెంటు గంభీరంగా తలూపాడు.

ఆఫీసరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఈ లెక్క నిజమేనని మీరు రాసిస్తారా?"

"అందరం రాసిస్తాం," అన్నాడు అధ్యక్షుడు. ఒక కాగితం చేతులు మారింది. ఇరవై ఇళ్ళవాళ్ళూ సంతకాలు చేశారు. నర్సు తన చేతుల వంకే చూసుకుంటూ కూర్చుంది.

"మంచిది," అంది ఆఫీసరమ్మ, నియమాల పుస్తకం తెరిచి. "కొత్త ఇళ్ళ వల్ల గంటకి ఎన్ని బళ్ళు పెరుగుతాయని మీ అంచనా?"

"నాలుగండీ," అన్నాడు ఇంజనీరు.

"ఉన్న రాకపోకల మీద నూటికి ఐదు కన్నా ఎక్కువ పెరిగితే పూర్తి స్థాయి అధ్యయనం జరగాలి. ఏడాదైనా పడుతుంది. గంటకి నలభై బళ్ళే ఉండుంటే నాలుగంటే నూటికి పది, దరఖాస్తు ఇక్కడే ఆగిపోయేది. నాలుగు వందల పన్నెండులో నాలుగంటే నూటికి ఒకటి కూడా లేదు. దీనివల్ల సందుకి తేడా ఏమీ తెలియదు. అనుమతి ఇస్తున్నాను."

నర్సు తలెత్తింది. అధ్యక్షుడు నోరు తెరిచి ఇంజనీరు వైపు చూశాడు. అంత తీరిగ్గా అతన్ని చూడటం ఆయనకి ఆ రోజు అదే మొదటిసారి.

"ఒక్క మాటండీ," అన్నాడు చివరికి, గొంతు సవరించుకుని. "రెండు వైపులా మా కార్లు నిలబెట్టుకుంటాం. మా ఇళ్ళల్లో చోటు లేదు. ఉన్న ఇరుకులో ఇంకో ఎనిమిది ఇళ్ళంటే..."

"రెండు వైపులా నిలబెడతారా? పద్దెనిమిది అడుగుల రోడ్డులో, గంటకి నాలుగు వందల బళ్ళు తిరిగేచోట?" ఆఫీసరమ్మ కళ్ళజోడు సరిచేసుకుని కలం తీసింది. "మంచి విషయం చెప్పారు. ఇవాళ్టి నుంచి ఆ సందులో రెండు వైపులా వాహనాలు నిలపడం నిషేధం. కొత్త ఇళ్ళవాళ్ళు నేలమట్టంలో ఇంటికో కారు చొప్పున చోటు వదలాలి."

"మాకు కార్లు లేవమ్మా," అంది నర్సు నెమ్మదిగా.

"లేకపోయినా వదలాలి. నియమం."

వారంలో సందు పొడుగునా బోర్డులు పాతారు. ఇరవై ఇళ్ళ కార్లు వెనక వీధి పాలయ్యాయి. ఆ వీధివాళ్ళు ఊరుకోలేదు. అధ్యక్షుడు ఆ నాలుగు వందల పన్నెండూ అబద్ధమని అర్జీ పెట్టబోయాడు. తమ సంతకాలున్న కాగితం నకలు ఒకటి జవాబుగా వచ్చింది.

ఏడాది తిరిగేసరికి ఎనిమిది ఇళ్ళూ లేచాయి. గృహప్రవేశం అయిన మూడో రోజున అధ్యక్షుడు పళ్ళ సంచితో నర్సు ఇంటికి వెళ్ళి, చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడి, కింద ఖాళీగా ఉన్న చోటు సంగతి ఎత్తాడు. ఆమె మిగతావాళ్ళని అడిగి చెప్తానంది. ఎవరూ కాదనలేదు.

కట్టడం అయ్యాక మరోసారి లెక్క చూసి రమ్మని ఆఫీసు ఇంజనీరుని పంపింది. ఆ గంటలో కొత్త ఇళ్ళ గేటులోంచి ఎనిమిది కార్లు బయటికి వచ్చాయి, ఎనిమిదీ సందువాళ్ళవే. ఇళ్ళవాళ్ళు ఎనిమిదిమందీ నడిచి వెళ్ళారు.