ఉదాహరణకు ఒక కొంగ

ఒక పెద్ద అడవిలో, చీమలు సైతం దారి అడిగి నడవవలసినంత పెద్ద అడవిలో, వినేవారు ఊ కొడితే కదిలి, మానేస్తే ఆగిపోయే కాలంలో, ఒక సింహం రాజ్యం చేసేది.

ఆ సింహానికి జూలు రాలసాగింది. మొదట చెవుల వెనక, తరువాత నడినెత్తిన. ఈ సంగతి అడవిలో అందరికీ తెలుసు. ఎవరూ అనరు, అనకుండా చూస్తారు. సభలో జింకలు వంగి దండం పెట్టి, లేచేటప్పుడు మాత్రం ఒక్క క్షణం రాజుగారి నెత్తి దగ్గర ఆగేవి. ఆ ఒక్క క్షణమే ఆయనకు ముల్లులా గుచ్చుకునేది.

"జంబులింగం," అన్నాడు ఒకనాడు తన కార్యదర్శి నక్కతో, "వీళ్ల చూపులు మాన్పించే ఉపాయం ఏమైనా ఉందా?"

"చట్టం చేద్దాం ప్రభూ."

"ఏమని? నా నెత్తి చూడవద్దనా? ఇంతవరకు చూడనివాళ్లు కూడా చూస్తారు."

"నెత్తి ఊసే వద్దు. ఎవరూ, దేనినీ అలా చూడకూడదందాం. ఆ చూపుకు ఇంగ్లీషులో ఒక మాట ఉంది ప్రభూ. ఫారెస్టు బంగళా వరండా కింద పడుకుని విన్నాను. స్టేర్ అంటారు."

"తెలుగులో మాట లేదా?"

"లేకేం, కావలసినన్ని ఉన్నాయి. కాని తెలుగులో రాస్తే అందరికీ అర్థమైపోతుంది. అర్థమైపోయే చట్టానికి గౌరవం ఏముంటుంది?"

రాజుగారికి ఈ మాట నచ్చింది. జంబులింగానికి మరొక కారణం కూడా ఉంది. అది మాత్రం చెప్పలేదు. అడవి నడుమ ఉన్న మడుగులోని పీతలంటే అతడికి ప్రాణం. ఆ మడుగులో పొద్దస్తమానం ఒక కొంగ ఒంటికాలిపై నిలబడి ఉంటుంది. నక్క కనబడితే చాలు, రెక్కలు కొట్టి అరుస్తుంది. ఆ అలికిడికి పీతలన్నీ బొరియల్లోకి పోతాయి.

మర్నాడు దండోరా వేశారు. "అడవిలో ఎవరూ స్టేర్ చేయరాదు. చేసినవారు తామున్న చోటు ఖాళీ చేయవలెను."

స్టేర్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు కనుక అందరూ భయభక్తులతో పాటించారు. అది తినే వస్తువేమోనని కొందరు ఉపవాసం ఉన్నారు. కుందేళ్లు గెంతడం మానుకున్నాయి. అడవిదున్న, ఎందుకైనా మంచిదని, మూడు రోజులు స్నానం చేయలేదు. నాలుగో రోజుకు దున్న దగ్గరికి ఎవరూ వెళ్లలేని పరిస్థితి వచ్చింది. అప్పుడు రాజుగారు గుడ్లగూబను పిలిపించారు.

గుడ్లగూబ పేరు విశాలాక్షి. అడవి నిఘంటువుకు ఆమె సంపాదకురాలు. మాటలకు అర్థాలు రాయడం ఆమెకు ఉద్యోగం, వ్యసనం, గర్వం. తోక తెగిన కోతిని పరామర్శించబోయి, నొప్పికీ బాధకీ గల భేదం వివరించి వచ్చిన ఘనత ఆమెది. కోతి ఎందుకు ఏడ్చిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తన వివరణకు కరిగిపోయిందనే అనుకుంటుంది.

"అర్థము, ప్రయోగము రెండూ కావాలి పండితమ్మగారూ," అన్నాడు జంబులింగం. "వారం గడువు."

మడుగు గట్టున మద్దిచెట్టు తొర్రలో కూర్చుని విశాలాక్షి మాటలను వరుసగా నిలబెట్టింది. తేరిపార చూడటంలో కుతూహలం ఉంది. గుడ్లప్పగించి చూడటంలో తెల్లబోవడం ఉంది. గుచ్చి చూడటంలో కోపం. కళ్లార్పకుండా చూడటంలో ప్రేమ కూడా ఉండవచ్చు. ఈ ఇంగ్లీషు మాట వీటన్నిటి మధ్య ఎక్కడో ఇరుక్కుని కూర్చుంది. చూసేవారికి ఏమీ అనిపించకపోవచ్చు. ఆ చూపు ఎవరి మీద పడిందో వారికి మాత్రం ఒళ్లు బిగుసుకుంటుంది. బాగా ఆలోచించి ఆమె ఇలా రాసింది: "ఎదుటివారికి ఇబ్బంది కలుగునట్లు, చూపు మరల్చక చూచుట."

జంబులింగం చదివి పెదవి విరిచాడు. "ఇబ్బందిని ఎవరు కొలుస్తారమ్మా? తనిఖీకి వెళ్లేవాడికి లెక్క కావాలి."

"చూపులో ఉండేది లెక్క కాదు కార్యదర్శిగారూ, మనసు."

"మనసును వచ్చే కూర్పులో పెట్టుకోండి. ఈ కూర్పు మీద రాజముద్ర పడాలంటే లెక్క ఉండాలి."

రాజముద్ర! తొమ్మిది కూర్పులు వెలువరించినా ఒక్కదాని మీద కూడా ఆ ముద్ర పడలేదు. విశాలాక్షి తొర్రలోకి తిరిగి వచ్చి, మనసును తీసేసి, మళ్లీ రాసింది: "రెప్ప వేయక, ఒక్కదానినే, ముప్పై లెక్కించునంతసేపు చూచుట." పైకి చదువుకుంది. మరొకసారి చదువుకుంది. ఏదో లోపించినట్లు అనిపించింది గాని, వాక్యం నడక చక్కగా ఉండటం వల్ల ఆ లోటు మూడోసారికి వినబడలేదు.

ఇక ప్రయోగం మిగిలింది. గుడ్లగూబలు పడుకోబోయే వేళ, అంటే తెలతెలవారుతుండగా, ఆమె తొర్రలోంచి తల బయట పెట్టింది. ఎదురుగా మడుగులో కొంగ నిలబడి ఉంది. విశాలాక్షి ఆ కొంగనే చూస్తూ, వాక్యాన్ని అటూ ఇటూ మారుస్తూ, ఎండ మద్దిచెట్టు మీదికి ఎక్కేదాకా కూర్చుంది. చివరకు రాసింది: "ప్రయోగము: కొంగ మడుగులోని చేపను స్టేర్ చేయుచున్నది."

చిన్న వాక్యం, పసివాళ్లకు కూడా అర్థమయ్యే వాక్యం. ఆమె తృప్తిగా నిద్రపోయింది. పదో కూర్పు మీద రాజముద్ర పడింది. మూడు రోజులపాటు విశాలాక్షి ఎవరు పలకరించినా ముందు ముద్ర చూపించి, తరువాత బదులు చెప్పింది.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం తొర్ర ముందు రెక్కల చప్పుడైంది.

"అక్కా! విశాలాక్షక్కా! లే!"

"ఏమిటే ధవళమ్మా ఈ గోల, పట్టపగలు?"

ధవళమ్మ ఆ మడుగు కొంగ. పోయిన వానాకాలం విశాలాక్షికి రెక్క బెణికితే పది రోజులు చేపలు తెచ్చి నోట్లో పెట్టింది తనే.

"మడుగు ఖాళీ చేయమంటున్నారక్కా. ఆ రంగనాయకులు ఆకు మీద రాసి ఇచ్చిపోయాడు."

రంగనాయకులు ఊసరవెల్లి. ఒక కన్ను ఇటూ, మరో కన్ను అటూ తిప్పి రెండు పక్షాలనూ ఒకేసారి చూడగలడని, చూపుల తనిఖీ పని అతడికి ఇచ్చారు.

"నువ్వేం చేశావు?"

"నిలబడ్డాను. మా అమ్మ ఎలా నిలబడేదో అలాగే. కదిలితే చేప బెదురుతుంది, చూపు తిప్పితే జారిపోతుంది. పిల్లలు మూడింటికీ ఇంకా ఈకలు రాలేదు. వాటిని ముక్కున కరుచుకుని ఎక్కడికి పోను? చేపలు లేని చోట వాటికి ఏం పెట్టను?"

"కంగారుపడకు. వాళ్ల దగ్గర సాక్ష్యం ఏముంది?"

"నీ పుస్తకం."

విశాలాక్షి పక్కనున్న పదో కూర్పును రెక్క కిందికి లాక్కుంది.

"ఉదాహరణకు నేనే దొరికానా అక్కా? ఈ అడవిలో పాము లేదూ? దానికి రెప్పలే లేవు. మొసలి లేదూ?"

పాము పేరు రాయాలంటే భయం వేసిందని, మొసలి పేరు రాయాలంటే మరీ భయం వేసిందని ఒప్పుకునే ధైర్యం విశాలాక్షికి లేకపోయింది. "వాక్యం కుదిరింది ధవళమ్మా," అంది నెమ్మదిగా.

"నీకు వాక్యం కుదిరింది. నాకు కొంప కూలింది."

ఆ సాయంకాలమే విచారణ. రాజుగారు బండ మీద, నెత్తి నీడలో ఉండేటట్లు కూర్చున్నారు. అడవి అంతా కింద కూర్చుంది. జంబులింగం నిఘంటువు తెరిచి, గొంతు సవరించుకుని, పదో కూర్పు అని, రాజముద్ర సహితమని చదివి, కొంగ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

"అది ఉదాహరణ మాత్రమే," అంది విశాలాక్షి లేచి. "జరిగిన సంగతికి నివేదిక కాదు."

"అంటే అబద్ధమా? రాజముద్ర పడిన పుస్తకంలో అబద్ధం రాశారా పండితమ్మగారూ?"

"అబద్ధం కాదు."

"అయితే నిజమే కదా. ఇంకేం, మడుగు ఖాళీ."

ఆ క్షణంలో విశాలాక్షికి ముందుగా తట్టినది ధవళమ్మ గతి కాదు, పదో కూర్పు గతి. తరువాత తల తిప్పి చూసింది. ధవళమ్మ రెండు కళ్లూ గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. పొరపాటున ఎవరినైనా ఎక్కువసేపు చూస్తే నేరం పెరుగుతుందని భయపడి, సభ మొదలైనప్పటి నుంచీ అలాగే ఉంది. మాట ఎటు నుంచి వస్తే ఆ చీకట్లోనే అటు ముక్కు తిప్పుతోంది.

విశాలాక్షి పదో కూర్పు సంగతి వదిలేసి తనిఖీవాడి వైపు తిరిగింది.

"రంగనాయకులుగారూ, కొంగ ముప్పై లెక్కించేంతసేపు రెప్ప వేయలేదని మీకు ఎలా తెలిసింది?"

"లెక్కపెట్టాను కనుక."

"నడుమ మీరు రెప్ప వేశారా?"

"వేస్తే తను వేసిందో లేదో నాకెలా తెలుస్తుంది? నా ఉద్యోగం మీద నాకు శ్రద్ధ ఉందమ్మా. ఒక్కసారి కూడా వేయలేదు." ఈ మాట చివరికి వచ్చేసరికి రంగనాయకులు ఆకుపచ్చ నుంచి మట్టిరంగుకు తిరిగాడు.

"వీరు శ్రద్ధగా చూశారనడానికి సాక్షి ఎవరు?"

"నేనే," అన్నాడు జంబులింగం గర్వంగా. "పొద మాటున కూర్చుని, చూపు తిప్పకుండా..." అని ఆగాడు.

"అయితే ముద్దాయిలు ముగ్గురు. కాదు, నలుగురు. మొదటి పేరు నాది రాయండి. నా కళ్లు గుంటల్లో కదలవు. దేన్ని చూసినా నాటినట్టే చూస్తాను. ఆ వాక్యం కోసం ఈ కొంగను ఎండెక్కేదాకా చూశాను. ముప్పై కాదు, మూడు వేలు లెక్కపెట్టవచ్చు. నేరాన్ని నేను నిర్వచించాను, అందరికంటే ముందు నేనే చేశాను, చేస్తూ దానికి ఉదాహరణ రాసుకున్నాను. ఇంత తెలివి అడవిలో మరెవరికీ లేదు."

వెనక వరుసలో ఎవరో పక్కున నవ్వారు. జంబులింగానికి ఒళ్లు మండింది.

"చాల్లెండమ్మా! ఈ చట్టం మీ కోసమూ నా కోసమూ చేసిందా? రాజుగారి నెత్తి వంక చూసేవాళ్ల కోసం చేసింది!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. జింకలు, దున్నలు, కుందేళ్లు, అందరూ ఒక్కసారి తలలెత్తి రాజుగారి నెత్తి వంక చూశారు. ఇన్నాళ్లూ దొంగచాటుగా ఒక్క క్షణం చూసినది, ఇప్పుడు సావకాశంగా చూశారు. లెక్క అలవాటైన ఎలుగుబంటి ఒకటి పైకే లెక్కపెట్టసాగింది. ముప్పైకి వచ్చింది. ఎవరూ రెప్ప వేయలేదు.

"ఖాళీ చేయించండి!" అని గర్జించాడు రాజు.

"ఎవరిని ప్రభూ?"

"అందరినీ!"

"అందరినీ పంపేస్తే చట్టం ఎవరి మీద అమలు చేస్తాం?" అని జంబులింగం ఆయన చెవి దగ్గరికి వంగాడు. "రద్దు చేస్తే మనం తప్పు చేసినట్టు అవుతుంది. రద్దు వద్దు. అర్థం చివర చిన్న తోక తగిలిస్తే చాలు." తరువాత విశాలాక్షి వైపు తిరిగి తేనె పూసిన గొంతుతో అన్నాడు: "అధికారులకు, పండితులకు ఇది వర్తించదని రాయండి పండితమ్మగారూ. మీకూ నాకూ తనిఖీవారికీ చిక్కు వదిలిపోతుంది. రాబోయే కూర్పులన్నిటికీ రాజముద్ర. బతికినంతకాలం."

"మరి కొంగ?"

"కొంగ అధికారీ కాదు, పండితురాలూ కాదు."

విశాలాక్షి నిఘంటువును దగ్గరికి లాక్కుంది. తను రాసిన అర్థాన్ని చివరిసారి చదువుకుంది. నడక ఇప్పటికీ చక్కగానే ఉంది. గోటితో దానిని కొట్టివేసింది. కొంగ వాక్యాన్ని కనబడకుండా గీకివేసింది. ఆ చోట నాలుగే మాటలు రాసింది: "అర్థము ఇంకనూ పరిశీలనలో ఉన్నది."

జంబులింగం చదివి బిత్తరపోయాడు. "పరిశీలన ఎంతకాలం?"

"పరిశీలనకు గడువు ఏ చట్టంలోనూ లేదు."

"అర్థం లేని మాటతో ఎవరిని పట్టుకుంటాం?"

"ఎవరినీ పట్టుకోలేరు."

"నిఘంటువులో ఖాళీ పెట్టుకుని తిరుగుతారా? సంపాదకురాలినని చెప్పుకోవడానికి సిగ్గుగా లేదూ?"

"ఉంది," అంది విశాలాక్షి. "చాలా ఉంది."

రాజుగారు మాత్రం సంతోషించారు. చట్టం చెక్కుచెదరలేదు; నెత్తి ప్రస్తావన అందులో రాలేదు. పదో కూర్పు మీది రాజముద్రను గీకించి, సభ చాలించారు. రంగనాయకులు ఉద్యోగం కూడా నిలిచింది. ఏం చూడాలో తేలేదాకా రెండు కళ్లూ రెండు దిక్కులకు తిప్పుతూ జీతం తీసుకున్నాడు.

"కళ్లు తెరవవే," అంది విశాలాక్షి. "అయిపోయింది."

ధవళమ్మ ఒక కన్ను తెరిచి, ఎవరూ ఏమీ అనకపోవడం చూసి రెండోది తెరిచింది. "మడుగు నాదేనా?"

"నీదే. అమ్మా తల్లీ, నీకు చేసిన అన్యాయం ఉంచుకోను. ఈసారి 'ఓర్పు' అనే మాటకు ఉదాహరణగా నిన్నే..."

"వద్దక్కా," అంది ధవళమ్మ. "నీకు దండం పెడతాను. మంచి మాటకైనా సరే, నా పేరు ఎత్తకు." పిల్లల ఆకలి గుర్తొచ్చి, గబగబా మడుగు వైపు ఎగిరిపోయింది.

నీతి: అర్థం తెలియనంతకాలం ఏ చట్టమైనా నిరపాయమే, అపాయమంతా దానిని చక్కగా నిర్వచించేవారితోనే.

ఈ కథ నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మ, పాలంకి భ్రమరాంబ.