బానెట్ ఎత్తిన సెడాన్

ఆ శనివారం పొద్దున థెల్మా వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. బుల్లంబా ఊళ్ళో ఏటా జరిగే వ్యవసాయ ప్రదర్శనకు పది గంటల్లోపు తన స్పాంజి కేకును చేర్చాలి, మొదటి బహుమతిగా ఇచ్చే నీలం రిబ్బను గెలవాలి, ఇంటికి రావాలి. అంతే. ఆ రిబ్బను ఏళ్ళ తరబడి పక్క పొలం ఈనిడ్ ఇంటికే పోతోంది. నిరుడు థెల్మా కేకు అడుగున చల్లార్చే తీగల జాలీ గుర్తులు పడ్డాయని న్యాయనిర్ణేత రుచైనా చూడకుండా పక్కన పెట్టేసింది. ఆ అవమానం థెల్మా మరిచిపోలేదు. ఈసారి బాతుగుడ్లు కొట్టి చేసి, మెత్తటి తువ్వాలు పరిచి దానిమీద చల్లార్చింది. తన పిల్లల్ని కూడా అంత అపురూపంగా చూసుకుని ఉండదు.

ట్రక్కులో తీసుకెళితే కేకుకు గొర్రెల కంపు పడుతుందని మొగుడు క్లైవ్ సెడాన్ కారు బయటికి తీశాడు. ఆ ఆకుపచ్చ సెడాన్ అంటే అతనికి ప్రాణం. దాని వెనక తలుపు లోపలినుంచి తెరుచుకోదు, వానొస్తే స్టార్టు కాదు, గుంతలో పడితే దీపాలు వాటంతటవే వెలుగుతాయి. అయినా దాన్ని పల్లెత్తు మాట అననివ్వడు. దాని మనసు తెలుసుకుని నడపాలంటాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, తన మనసు తెలుసుకోవాలని ఈ మనిషికి ఒక్కసారైనా తోచిందా అని ఆ మాట విన్నప్పుడల్లా థెల్మాకు ఒళ్ళు మండుతుంది.

ఊరు ఇంకా సగం దూరం ఉందనగా వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది. క్లైవ్ కంగారు పడలేదు. ఇంజన్లో వేడి లాగెయ్యడానికి హీటరు పూర్తిగా తిప్పాడు. బయట నడివేసవి ఫిబ్రవరి ఎండ, లోపల హీటరు, థెల్మా ఒళ్ళో కేకు డబ్బా.

"క్లైవ్, కేకు రెండోసారి ఉడుకుతోంది."

"కిటికీ దించు మరి."

ఆమె పిడి ముట్టుకుందో లేదో, అద్దం దబ్బున తలుపులోకి జారిపోయింది. ఎర్రదుమ్ము మొహం మీద కొట్టింది. థెల్మా డబ్బా మీదికి వంగి, దానికి తన వీపు అడ్డం పెట్టింది. ఇంతలో ముందునుంచి ఆవిరి చిమ్మింది. క్లైవ్ రోడ్డు పక్కకు తీసి, పావుగంట చల్లారితే చాలంటూ బానెట్ ఎత్తాడు.

కొంప మునిగింది అక్కడే. ఆ దారిలో బానెట్ ఎత్తిన బండిని దాటుకుని పోయే మనిషి ఇంకా పుట్టలేదు. ఆగాలి, దిగాలి, తొంగి చూడాలి, బండి కదిలేదాకా ఉండాలి. మధ్యలో పోయినవాడిని ఆ చుట్టుపక్కల ఎవరూ మనిషిలా చూడరు. ముందుగా ఆ చుట్టుపక్కల రైతు రాస్ వచ్చాడు. ఏమైందని అడిగాడు.

"ఏం లేదురా. కాస్త వేడెక్కింది, అంతే," అన్నాడు క్లైవ్.

రాస్ గుండె జారిపోయింది. ఆ ప్రాంతంలో 'ఏం లేదు' అన్నారంటే పరిస్థితి చెయ్యి దాటిపోయినట్టే. కాలు మీద ట్రాక్టరు పడ్డప్పుడు రాస్ తండ్రి కూడా ఆ మాటే అన్నాడు. రాస్ వెంటనే పనిముట్ల పెట్టె దించి, నీళ్ళు పారే గొట్టం ఊడదీశాడు. తరవాత వచ్చినవాడికి క్లైవ్ ఇంకా గట్టిగా చెప్పాడు, నిజంగా ఏమీ లేదని. అతను పాపం అనుకుని పెట్రోలు పంపు విప్పాడు. మూడోవాడు కార్బురేటర్ మీద పడ్డాడు. క్లైవ్ కాదన్నకొద్దీ వాళ్ళకు జాలి పెరిగింది. ఇంజన్ ఎప్పుడో చల్లారింది గానీ, అప్పటికి అది పరిచిన పట్టా మీద ముక్కలై ఉంది.

ఎవరైనా తనను ఊళ్ళో దింపమని థెల్మా అందరినీ అడిగింది. రెండే నిమిషాలు, అయిపోవచ్చిందన్నారు అందరూ. ఆమెకు ఏడుపొచ్చింది. కానీ ఆ మనుషుల్ని చూస్తే తిట్టడానికి నోరు రాలేదు. ప్రదర్శనకని ఉతికి ఇస్త్రీ చేయించుకున్న చొక్కాలు నల్లగా చేసుకుని, మండే మట్టిలో బోర్లా పడుకుని ఉన్నారు. పొద్దున్నుంచి ఎవరూ ఏమీ తిన్నట్టు లేదు. థెల్మా కాసేపు డబ్బా వంక చూసి, మూత తీసింది.

"థెల్మా, అది ప్రదర్శనకు…" అన్నాడు క్లైవ్, చేతిలో స్పానరు జారిపోతుండగా.

"నోరు మూసుకుని కత్తి ఇటివ్వు."

ముక్కలు పంచుతుండగా ఈనిడ్ కారు ఆగింది. వెనక సీటులో కేకు డబ్బా. థెల్మా ఎదురు వెళ్ళి, పది కావస్తోంది, నువ్వు ఆగకు, పోయి ఇచ్చేసిరా అంది. ఆ మాట అనడానికి ఆమెకు ప్రాణం మీదికొచ్చింది. ఈనిడ్ ఒక ముక్క తీసుకుని తింది. వెనక్కి వెళ్ళి తన డబ్బా, టీ ఫ్లాస్కు తెచ్చింది.

"బానెట్ ఎత్తి ఉంటే ఎక్కడికి పోతాను? అయినా ఇది తిన్నాక చెబుతున్నా, ఈ ఏడు నేను ఓడిపోయేదాన్ని," అంటూ తన కేకులో కత్తి దించింది.

థెల్మాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంతకాలం ఈ మనిషినా నేను ఆడిపోసుకున్నది అనుకుంది.

మధ్యాహ్నానికి అన్నీ బిగించారు. రెండు గుప్పిళ్ళ నట్లూ బోల్టులూ మిగిలిపోయాయి. అయినా సెడాన్ మొదటిసారికే స్టార్టయింది. దాన్ని ఒంటరిగా వదలడానికి ఎవరికీ ధైర్యం చాలక, బండ్లన్నీ వరసగా వెనకే బయలుదేరాయి. దుమ్ము కొట్టుకున్న ముసలి సెడాన్, దాని వెనక అంత బారు చూసి, ఆ రోజు పోటీకి రావలసిన పాతకాలపు వాహనాల ఊరేగింపు వచ్చేసిందనుకున్నాడు ప్రదర్శన గేటు దగ్గరి మనిషి. తిన్నగా పెద్ద మైదానంలోకి పంపాడు. ఆపితే మళ్ళీ కదలదేమోనని క్లైవ్ ఆపకుండా తిప్పుతూనే ఉన్నాడు. ఆనాటి దుమ్ము కూడా తుడవకుండా కాపాడుకున్నారని మైకులో మెచ్చుకుని, అతని చేతికి నీలం రిబ్బను ఇచ్చారు.

క్లైవ్ దాన్ని అద్దానికి కట్టబోయి, పెళ్ళాం మొహం చూసి, తిన్నగా తెచ్చి ఆమె చొక్కాకు గుచ్చాడు. థెల్మా ఈనిడ్ చెయ్యి పట్టుకుని కేకుల గదిలోకి నడిచింది. స్పాంజి కేకుల బల్ల ఖాళీగా ఉంది; కేకులు తేవలసినవాళ్ళంతా బానెట్ దగ్గరే ఆగిపోయారు మరి.

రిబ్బను మీద 'ప్రథమ బహుమతి' అని మాత్రమే ఉంది. అది దేనికి వచ్చిందో అడిగినవాళ్ళకు థెల్మా చెప్పలేదు, ఈనిడ్ చెప్పనివ్వలేదు.