హార్డ్‌డిస్కు గారి సీనియారిటీ

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఇప్పవాగు కాలనీ సేవాకేంద్రంలోని కొత్త కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌డీ అమర్చాలా వద్దా అనే విషయం మూడు సమావేశాలు, రెండు వాకౌట్లు, లెక్కలేనన్ని చాయ్‌ల తర్వాత ఒక కొలిక్కి వచ్చింది. ఆ నిర్ణయంలో పాలుపంచుకున్న సంయుక్త కార్యదర్శిగా జరిగింది జరిగినట్టు రాయడం నా బాధ్యత. ఇందులో తప్పులుంటే కార్యవర్గానివి, ఒప్పులుంటే నావి.

మా కాలనీ ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంది. సగం మందిమి బొగ్గుబాయిల్లో పనిచేసి రిటైరైనవాళ్లం. కార్యవర్గంలో మాత్రం అందరం వాళ్లమే. కరెంటు మాకు అడవి మధ్యగా వస్తుంది. వానాకాలంలో ఏ కొమ్మ విరిగి తీగ మీద పడినా పోతుంది. మళ్లీ వస్తే పది నిమిషాలు ఉంటుంది, మళ్లీ పోతుంది. కొత్త కంప్యూటరేమో మీట నొక్కాక తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు తీసుకుంటుంది. మా కాలనీ భవిష్యత్తంతా ఆ ఒక్క నిమిషం దగ్గరే ఆగిపోయింది.

కరెంటు పోయినా కాసేపు నడిపించే యూపీఎస్ కూడా కంప్యూటర్‌తోపాటే వచ్చింది. అది అధ్యక్షుల వారి ఇంట్లో, టీవీ కింద, ప్రజాసేవలో ఉంది.

ప్రారంభోత్సవం నాడే ఒక ఆధునిక తీర్మానం చేశాం. ఇకమీదట కార్యవర్గం కాగితం ఏదైనా సేవాకేంద్రం కంప్యూటర్‌లోనే టైపు కావాలి, చేతిరాత చెల్లదు. చప్పట్లు కొట్టాం. తీర్మానం రాసుకోవడానికి కంప్యూటర్ తెరుచుకోలేదు కాబట్టి దాన్ని చేత్తోనే రాశాం.

కంప్యూటర్ నడిపే అమ్మాయి పేరు హర్షిత. చదువుకున్న పిల్ల, అందువల్ల ఓపిక తక్కువ. వారం తిరక్కుండానే ఎస్‌ఎస్‌డీ కావాలంది. అది అరచేతిలో పట్టే చిన్న బిళ్ల అట. లోపలున్న పాత రకం హార్డ్‌డిస్కు బదులు దాని మీద నడిపిస్తే కంప్యూటర్ అర నిమిషంలో తెరుచుకుంటుందట. ఖమ్మంలో కంప్యూటర్ల దుకాణం పెట్టిన పవన్ మా కాలనీ అల్లుడే. పైసా తీసుకోకుండా తానే వచ్చి బిగిస్తానన్నాడు. అంటే కార్యవర్గం చేయాల్సిందల్లా సరే అనడం. మా చరిత్రలో అంత కష్టమైన పని ఇంకోటి లేదు.

మొదటి సమావేశంలో దాని ఫొటోను అందరికీ చూపించారు. లోపల తిరిగే భాగమేదీ ఉండదని హర్షిత చెప్పగానే సభ్యుడు జంపయ్య లేచి నిలబడ్డాడు.

"కదలకుంట మెదలకుంట ఉండేటిది పనెట్ల జేస్తది?" అన్నాడు.

అప్పటికి తొమ్మిదేళ్లుగా ఆయన కార్యవర్గంలో అలాగే ఉన్నాడు. ప్రశ్నలోని లోతుకు అందరం ముగ్ధులమై సభను వాయిదా వేశాం. రెండో సమావేశం, మొదటి సమావేశం ఎందుకు వాయిదా పడిందన్న చర్చతో ముగిసింది.

మూడోదాంట్లో అధ్యక్షులు సమ్మయ్య గారు నోరు విప్పారు. ఆయన బాయిలో ముప్పై ఆరేళ్లు చేసి, కార్మికుల పని చూసే మైనింగ్ సర్దార్‌గా దిగిపోయిన మనిషి. బాయిలో యాక్టింగ్ అని ఒక పద్ధతి ఉంటుంది, పైవాడి పనిలో తాత్కాలికంగా కిందివాణ్ణి పెట్టడం. ఎప్పుడో ఆయనకు రావాల్సిన యాక్టింగ్‌ను ఆయనకన్నా చిన్నవాడికి ఇచ్చారు. ఆ పుండు ఇంకా మానలేదు. మా కాలనీలో చాలా నిర్ణయాలు దాని సలుపు మీదే జరుగుతుంటాయి.

"అరె, మొన్నొచ్చినోనికి డైరెక్టుగ పెద్ద పని ఇస్తరా?" అన్నారు. "హార్డ్‌డిస్కు ఎప్పుడొచ్చింది? కంప్యూటర్ తోని ఒచ్చింది. ఇది ఎప్పుడొస్తది? రేపు. సీనియర్ ఉండంగ జూనియర్‌ను మీదేసుడు నా పానం బోయినా ఒప్పుకోను."

"సార్, అది మనిషి కాదు, డిస్కు సార్. దానికి బాధుండదు," అంది హర్షిత.

చర్చిలో సంఘపెద్ద, మా కోశాధికారి జాషువా గారు మెల్లగా మందలించారు. "గట్లనద్దు బిడ్డా. నోరు లేదని చిన్నచూపు సూడొద్దు."

తీర్మానం ఏకగ్రీవం. ఎస్‌ఎస్‌డీని సర్వీసులోకి తీసుకోవడమైనది. అయితే చేరిన తేదీ ప్రకారం హార్డ్‌డిస్కే సీనియర్ కనుక కంప్యూటర్‌ను తెరిచే హక్కు దానికే చెందును. ఎస్‌ఎస్‌డీ మూడేళ్లు ట్రైనింగులో ఉండి, లైట్ డ్యూటీ కింద కార్యవర్గ సమావేశాల ఫొటోలను భద్రపరచవలెను.

పవన్ వచ్చి బిగించాడు. తీర్మానం చదివి కాసేపు మా మొహాలు చూశాడు. పోతూ పోతూ హర్షితకు ఒక మాట చెప్పిపోయాడట. కంప్యూటర్ తెరుచుకునే ఏర్పాటు రెండింటిలోనూ చేశాను, ఆన్ చేయగానే ఎఫ్ పన్నెండు అనే మీట నొక్కితే కొత్తదాని మీద తెరుచుకుంటుంది అని. ఈ సంగతి అప్పట్లో కార్యవర్గం దృష్టికి రాలేదు.

ఆ తర్వాత కూడా కంప్యూటర్ పదకొండు నిమిషాలకే తెరుచుకునేది, అధ్యక్షుల వారి ఫొటోలు మాత్రం రెప్పపాటులో వచ్చేవి. సాంకేతికతను సంప్రదాయంతో కలిపిన ఏకైక కాలనీ మాదేనని మురిసిపోయాం.

అంతలో వానలు పట్టుకున్నాయి. ఇన్నమ్మ కూతురు హెప్సిబాకు నర్సింగ్ సీటు కోసం దరఖాస్తు పంపడానికి ఆఖరి రోజు వచ్చింది. ఫీజు కోసం ఇన్నమ్మ అప్పటిదాకా తిరుగుతూనే ఉంది. గడువు సాయంత్రం ఐదు. గోదావరి పొంగి, వాగు రోడ్డెక్కి, అటు భద్రాచలానికీ ఇటు ఖమ్మానికీ బస్సులు బందయ్యాయి. ఫోన్లలో సిగ్నల్ లేదు. ఆ పిల్ల సర్టిఫికెట్లన్నీ ఉన్నదీ, కేబుల్ నెట్ మీద దరఖాస్తు పోగలిగినదీ సేవాకేంద్రం కంప్యూటర్ ఒక్కదాంట్లోనే.

పొద్దుటి నుంచి మూడుసార్లు కరెంటు వచ్చింది. మూడుసార్లూ హార్డ్‌డిస్కు గారు నెమ్మదిగా నిద్రలేచి, ఒళ్లు విరుచుకుని, పదో నిమిషంలో కరెంటుతోపాటు మళ్లీ పడుకున్నారు. పక్కగదిలో కార్యవర్గం వరద పరిస్థితిని చాయ్ తాగుతూ సమీక్షిస్తోంది. నేను గుమ్మం దగ్గర కూర్చున్నాను కాబట్టి అంతా కనబడుతోంది.

ఇన్నమ్మ దవాఖానాలో ఊడ్చే పని చేస్తుంది. ఆమె హర్షిత రెండు చేతులూ పట్టుకుంది.

"ఏమన్న జెయ్యి బిడ్డా, నీ కాల్మొక్త. నేను ఊడ్సిన వార్డుల నా బిడ్డ సూదిమందు ఇయ్యాలె. గీ ఏడు పోతె నేను మల్ల సదివించలేను."

హెప్సిబా గోడ గడియారం వైపే చూస్తూ కూర్చుంది.

నాలుగుంబావుకు నాలుగోసారి కరెంటు వచ్చింది. హర్షిత ఆన్ చేసి, మా గది వైపు ఒకసారి చూసి, ఏదో ఒక మీట నొక్కింది. సమ్మయ్య గారు గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని దించేలోపు కంప్యూటర్ తెరుచుకుంది.

"ఏందది? జల్దీ తెరుసుకున్నదేంది?" అని అధ్యక్షులు లేచేసరికి సర్టిఫికెట్లు ఎక్కుతున్నాయి. తొమ్మిదో నిమిషంలో రసీదు కాగితం బయటికొచ్చింది. పదో నిమిషంలో కరెంటు పోయింది. ఇన్నమ్మ హర్షితను పట్టుకుని బోరుమంది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. నిజంగా సంతోషం వేసింది. కార్యవర్గ సభ్యుణ్ణి కాబట్టి ఆ సంతోషాన్ని దగ్గుగా మార్చుకున్నాను.

నెల తిరిగేసరికి హెప్సిబాకు సీటు వచ్చింది. సేవాకేంద్రం ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టించాం. మా కార్యవర్గం కృషి వల్లనే అని రాయించి ఏడుగురం నవ్వుతూ నిలబడ్డాం. హెప్సిబా ఫొటోకు చోటు చాలలేదు. ఫ్లెక్సీ కట్టిన సాయంత్రమే, దాని కిందే కుర్చీలు వేసుకుని, హర్షిత మీద విచారణ జరిపాం.

"సీటొచ్చుడు వేరే, డిసిప్లిన్ వేరే," అన్నారు సమ్మయ్య గారు. "ఇయ్యాల డిస్కును దాటేసింది. రేపు మనల్ని దాటెయ్యదా?"

ఆ చివరి మాటతో అందరికీ విషయం అర్థమైంది. రెండు నిర్ణయాలు తీసుకున్నాం. ఒకటి, ఎఫ్ పన్నెండు మీటను కీబోర్డు నుంచి పీకేసి బీరువాలో పెట్టి తాళం వేయడం. అది అప్పటికప్పుడే జరిగింది. రెండు, హర్షితను ఉద్యోగంలోంచి తీసేయడం. నేనూ చెయ్యెత్తాను. అందరూ ఎత్తినప్పుడు ఒక్కడినే దించుకుని కూర్చోవడం మర్యాద కాదు.

తీసేసే ఉత్తర్వు టైపు కావాలి, చేతిరాత చెల్లదు. టైపు వచ్చింది హర్షితకు ఒక్కదానికే. అందుకని రోజూ ఉదయం మా సమక్షంలో ఆ పిల్ల తన ఉత్తర్వు తానే టైపు చేయడానికి కంప్యూటర్ ఆన్ చేస్తుంది. మేం కుర్చీల్లో, హార్డ్‌డిస్కు గారు లోపల, అందరం పని మొదలుపెడతాం. పదో నిమిషంలో కరెంటు పోతుంది. బీరువాలోని మీట తిరిగి పెడితే ఉత్తర్వు నిమిషంలో అయిపోతుంది కదా అని జంపయ్య ఒకసారి అన్నాడు. జూనియర్‌తో తెరిచిందని తీసేసే ఉత్తర్వును జూనియర్‌తోనే తెరిచి టైపు చేయిస్తామా అని జాషువా గారు నివ్వెరపోయారు. జంపయ్య క్షమాపణ చెప్పాడు.

వానలు వెనకబట్టాయి. ఇప్పుడు లైను మరమ్మతులని కరెంటు తీస్తున్నారు. నిన్న కూడా అధ్యక్షులు అడిగారు.

"ఆర్డర్ అయ్యిందా బిడ్డా?"

"తెరుసుకుంటాంది సార్," అంది హర్షిత.

నాలుగు నెలలుగా ఆ అమ్మాయి ఉద్యోగంలోనే ఉంది. చదువరులు మా కాలనీని చూసి నవ్వుకోవచ్చు, అభ్యంతరం లేదు. కాకపోతే మీ ఆఫీసులోనో, మీ ఊళ్లోనో మంచి పని చేసినవాళ్లు ఎవరైనా ఇంకా కొలువులో ఉండి ఉంటే, మీరు మంచివాళ్లు కావడం వల్లనే అనుకోకండి. వాళ్లను తీసేసే కాగితం ఇంకా టైపు కాలేదు, అంతే.